అసంతృప్తిని సరైన మాటలో ఎలా చెప్పాలి: అలక నుంచి అభ్యంతరం దాకా

నచ్చని విషయాన్ని నచ్చలేదని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. అయినా రాయడానికి కూర్చుంటే చాలామంది కలం ఒక్క మాట దగ్గరే ఆగిపోతోంది: అసంతృప్తి. కూర మీదా అసంతృప్తే, కొడుకు మీదా అసంతృప్తే, ప్రభుత్వం మీదా అసంతృప్తే. నోటితో మాట్లాడేటప్పుడు ఇలా ఎవరూ అనరు. కూర 'నచ్చలేదు' అంటాం, కొడుకు మాటకు 'మనసు కష్టమైంది' అంటాం, ఆఫీసుల చుట్టూ తిరిగి 'విసిగిపోయాం' అంటాం. ఆ తేడాలు రాతలోకి కూడా రావాలి. మెసేజ్ రాసినా, అర్జీ రాసినా, వార్త రాసినా, కథ రాసినా సరైన మాట దొరికితేనే ఎదుటివాళ్లకు మన బాధ ఏమిటో, మనం ఏం ఆశిస్తున్నామో అర్థమవుతుంది.

ఈ మాటల్ని ఎక్కువ, తక్కువ అనే ఒక్క కొలతతో పేర్చితే తప్పులో పడతాం. చిరాకు చిన్నది, కోపం పెద్దది అనుకుంటే సగమే తెలుస్తుంది. మిగతా సగం ఏమిటంటే, ఈ మాటల్లో చాలావాటి వెనక వినే మనిషి ఒకరు ఉంటారు. అలక అన్నామంటే దాన్ని తీర్చేవాళ్లు ఉన్నారని అర్థం. ఫిర్యాదు అన్నామంటే తప్పు చేసినవాళ్లు ఒకరు, విచారించేవాళ్లు ఒకరు ఉన్నారని అర్థం. నిరసన అన్నామంటే చూస్తున్న జనం ఉన్నారని అర్థం. అందుకే వినేది ఎవరో ముందు తేల్చుకోవాలి. మాట దాని వెనకే వస్తుంది.

ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

ఎవరి మీద? దేనికి? విన్నాక వాళ్లు ఏం చేయాలి?

అద్దె ఇంట్లో ఉంటున్నారు, ఇంటి ఓనరు రోజూ మోటారు ఆలస్యంగా వేయడం వల్ల పొద్దున నీళ్లు రావడం లేదనుకోండి. స్నేహితురాలితో చెప్పేటప్పుడు ఆమె చేయాల్సింది ఏమీ లేదు, వింటే చాలు. అక్కడ 'ఈ నీళ్లతో విసుగొస్తోందే' అంటే సరిపోతుంది. ఓనరుతో చెప్పేటప్పుడు ఆయన మోటారు వేయాలి. అక్కడ విసుగు అనే మాటే రాకూడదు. 'పొద్దున ఆరింటికల్లా నీళ్లు లేకపోతే పిల్లల స్కూలుకు ఇబ్బంది అవుతోందండీ, కాస్త ముందు వేయించండి' అనాలి. అపార్ట్‌మెంట్ మీటింగులో అయితే అది ఒక 'సమస్య'. అక్కడ ఓనరు పేరు ఎత్తకుండా మోటారు టైము గురించే మాట్లాడాలి. నీళ్లు అవే, ట్యాంకు అదే. వినేవాళ్లు మారారు కాబట్టి మాట మారింది.

మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఏం కావాలో మీకే ఇంకా తెలియలేదన్నమాట. అప్పుడు ఒక పూట ఆగి రాయండి.

లోపల ఉన్నదానికి పేరు పెట్టండి

విసుగు, చిరాకు, అసహనం: ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. వీటి మధ్య గీత స్పష్టంగానే ఉంది.

విసుగు కాలంతో వస్తుంది. ఒకే పని, ఒకే మాట, ఒకే క్యూ మళ్లీ మళ్లీ ఎదురైతే విసుగు. అందుకే 'విసిగి వేసారి' అంటాం, 'తిరిగి తిరిగి విసుగెత్తింది' అంటాం. చిరాకు అప్పటికప్పుడు వచ్చేది. ఉక్కపోత, కరెంటు కోత, పడుకోబోతుంటే లోన్ కావాలా అని అడిగే ఫోను. కారణం పోతే చిరాకూ పోతుంది. అసహనం ఓర్పు లేకపోవడం. ఇది వచ్చినవాడి లోపాన్ని కూడా కొంచెం సూచిస్తుంది. 'మంత్రి అసహనం వ్యక్తం చేశారు' అంటే ఆయన ఓపిక పట్టలేకపోయారని చదివేవాళ్లకు అందుతుంది. పైగా ఈ మాటకు ఇప్పుడు ఇంకో అర్థం కూడా బలపడింది, మత అసహనం అన్నప్పుడు వచ్చే అర్థం. కాబట్టి మీ గురించి మీరు రాసుకునేటప్పుడు 'అసహనానికి గురయ్యాను' అనకండి. విసుగొచ్చింది అనండి, చిరాకేసింది అనండి.

తెలంగాణలో విసుగుకు 'యాష్ట' అనే చక్కటి మాట ఉంది. 'తిరిగి తిరిగి యాష్టకొచ్చింది' అంటే ఒళ్లూ మనసూ రెండూ అలిసిపోయాయని వినేవాళ్లకు తెలిసిపోతుంది. 'బేజారు', 'పరేషాన్' కూడా అక్కడ ఇంటి మాటలే. బేజారులో నీరసం ఉంది, పరేషాన్‌లో ఆందోళన ఉంది. ఇవి మీ ఇంటి మాటలైతే రాతలో కూడా వాడండి. వాటిని తీసేసి 'విసుగు' పెడితే కొంత అర్థం పోతుంది.

ఇష్టమైనదే ఎక్కువైపోతే వచ్చే అసంతృప్తికి వేరే మాట ఉంది: మొహం మొత్తడం. పండగ వారంలో బూరెలు, అరిసెలు తిని తిని మొహం మొత్తుతుంది. చెడ్డ వంటకు మొహం మొత్తదు, దానికి వెగటు పుడుతుంది. ఇంకా ముందుకు వెళ్తే రోత, ఏవగింపు. ఈ రెండూ మనిషి నడవడిక మీద కూడా వాడతాం, అందుకే బరువైనవి. ఒక సినిమా బాగా లేదని చెప్పడానికి 'రోత పుట్టింది' అంటే, ఆ సినిమా నీతి బాగా లేదని చెప్పినట్టవుతుంది. కథ సాగదీశారని చెప్పాలంటే 'విసుగు' చాలు.

అన్నీ సమకూరినా ఏదో ఒకటి తక్కువైనట్టు ఉంటే దాన్ని వెలితి అంటారు. ఇది ఎవరి మీదా నేరం మోపదు. పెళ్లి బాగానే జరిగింది, నాన్న లేని వెలితి ఉంది. అక్కడ అసంతృప్తి అని రాస్తే ఎవరో ఏదో తప్పు చేసినట్టు ధ్వనిస్తుంది.

ఉక్రోషం, అక్కసు, ఆక్రోశం అనే మూడు మాటల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఓడిపోయి, ఏమీ చేయలేక రగిలేది ఉక్రోషం. ఆటలో ఓడిన పిల్లవాడికి వచ్చేది అదే. ఒకరి మీద, తరచుగా వాళ్ల బాగు చూసి, లోపల దాచుకున్నది అక్కసు. ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేనప్పుడు గొంతు చించుకునేది ఆక్రోశం. పంట కొనేవాళ్లు లేక రోడ్డెక్కిన రైతుది ఆక్రోశం. దాన్ని అక్కసు అని రాస్తే అన్యాయం చేసినవాళ్లం అవుతాం.

'కొను' చేరితే ఏం మారుతుందో చూడండి

తెలుగు క్రియల్లో ఒక సౌకర్యం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. చిన్నబుచ్చడం, చిన్నబుచ్చుకోవడం. నొప్పించడం, నొచ్చుకోవడం. కష్టపెట్టడం, కష్టపెట్టుకోవడం. మొదటి రూపంలో తప్పు ఎదుటివాళ్లది. 'కొను' చేరిన రెండో రూపంలో ఉన్నది మన మనసు సంగతి.

'మీరు అందరి ముందు నన్ను చిన్నబుచ్చారు' అంటే నేరారోపణ. ఎదుటివాళ్లు వెంటనే 'నేనేమన్నాను?' అని వాదనకు దిగుతారు. 'మీ మాటకు కాస్త నొచ్చుకున్నానండీ' అంటే వాదించడానికి చోటు లేదు, ఎందుకంటే మీరు చెప్పింది మీ మనసు గురించి. బంధుత్వం, స్నేహం నిలుపుకోవాలనుకునే చోట రెండో రూపం వాడండి. నిజంగా తప్పు జరిగింది, దాన్ని ఒప్పుకోవాల్సిందే అనుకున్న చోట మొదటి రూపమే వాడండి. అక్కడ మెత్తబడితే మీకు నష్టం.

మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు ఇది తిరగబడుతుంది. 'ఆయన చిన్నబుచ్చుకున్నారు' అంటే ఎవరూ ఏమీ అనకపోయినా ఆయనే అలా అనుకున్నారేమో అనే నీడ పడుతుంది. 'ఆయన్ని చిన్నబుచ్చారు' అంటే ఆయన పక్షాన నిలబడ్డట్టు. ఏది రాస్తున్నారో తెలిసి రాయండి.

'మనస్తాపం' గురించి ఒక మాట. మనస్సు, తాపం కలిసిన మాట ఇది, 'మనస్థాపం' అని రాయకూడదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పేపర్లలో ఈ మాట ఎక్కువగా కనిపించేది ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తల్లో. చదివేవాళ్ల మనసులో దానికి ఆ బరువు అంటుకుపోయింది. అందుకని పుట్టినరోజుకు విష్ చేయలేదన్న బాధకు దాన్ని వాడకండి. బాధపడ్డాను అంటే చాలు.

అలక: తీర్చేవాళ్లు ఉన్నచోటే

అలగడానికి అర్హత కావాలి. మీ అలకను ఎదుటివాళ్లు పట్టించుకుంటారనే నమ్మకమే ఆ అర్హత. పెళ్లిలో అలకపాన్పు అనే వేడుక ఇందుకు మంచి ఉదాహరణ. అల్లుడు అలుగుతాడు, అత్తమామలు ఏదో ఒకటి ఇచ్చి బుజ్జగిస్తారు. తీరుతుందని తెలిసే అలగడం అది. సత్యభామ పారిజాతం కోసం అలిగింది, కృష్ణుడు తెచ్చి ఇస్తాడన్న ధీమాతోనే. అలకకు ఇంత ముద్దు రావడానికి ఆ ధీమాయే కారణం.

కాబట్టి భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు, ప్రాణస్నేహితులు: వీళ్ల మధ్య అలక అనండి. బ్యాంకు మీద, కంపెనీ మీద, బాసు మీద అలగడం కుదరదు. 'నా మీద అలిగావా?' అని అడగడంలోనే సగం బుజ్జగింపు ఉంది. 'నా మీద కోపమా?' కంటే అది మెత్తన. తెలంగాణ ఇళ్లల్లో 'గుస్సా అయినవా?' అని అడిగినా ఇదే చనువు.

కినుక దీనికి పుస్తకాల రూపం, మాటల్లో రాదు. బుంగమూతి పెట్టడం, మూతి ముడుచుకోవడం ముఖం మీది గుర్తులు. రుసరుసలాడటం నడకలో, పనిలో కనిపిస్తుంది, గిన్నెల చప్పుడులో వినిపిస్తుంది. చిటపటలాడటం మాటల్లో. ముభావంగా ఉండటం వీటన్నిటికంటే చల్లనిది, మాట తగ్గిపోతుంది, కారణం బయటికి రాదు. ఎడమొహం పెడమొహం అనాలంటే ఇద్దరూ అలా ఉండాలి, ఒక్కరికి వాడకూడదు. కథ రాసేవాళ్లు 'ఆమె అసంతృప్తిగా చూసింది' అని రాసే బదులు వీటిలో ఏది ఆ మనిషికి సరిపోతుందో ఆలోచిస్తే చాలు, పాత్ర కళ్లకు కడుతుంది.

ఎన్నికల టికెట్ల కాలంలో పేపర్లు ఈ ఇంటి మాటల్ని రాజకీయాల్లోకి తెచ్చుకున్నాయి. నాయకుడు మొదట గుర్రుగా ఉంటాడు, తరవాత అలకబూనుతాడు, పార్టీ పెద్దలు బుజ్జగిస్తారు. వినకపోతే అసమ్మతి, ఆ పైన రెబెల్. వరస బాగానే ఉంది. అలకబూనిన నాయకుడు పార్టీని వదలడని, అసమ్మతి నాయకుడు వదలొచ్చని పాఠకులకు ఆ మాటతోనే తెలుస్తుంది. అందుకే వార్త రాసేవాళ్లు మెట్టు తప్పకూడదు. ఇంకా ఇంట్లో కూర్చుని మాట్లాడని మనిషిని అప్పుడే అసమ్మతి నేత అనకూడదు.

నిష్టూరం ఆడటం, నిష్టూరం వినడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇది. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినం. తెలుగు ఇళ్లల్లోకి వచ్చేసరికి దానికి ప్రేమ తడి అంటుకుంది. 'పెద్దవాళ్లయిపోయారమ్మా, మేమెక్కడ గుర్తుంటాం!' అని పిన్ని అన్నదంటే అది నిష్టూరం. పైకి ఆరోపణే, లోపల ఉన్నది 'రావడం మానేశారు, రండి' అనే పిలుపు. కరీంనగర్ వైపు అక్క 'మమ్ముల మర్చేపోయినవ్ గదా' అన్నా, భీమవరం వైపు అత్తయ్య 'మా గుమ్మం తొక్కి ఎన్నాళ్లయిందో!' అన్నా అడుగుతున్నది ఒకటే.

నిష్టూరమాడాలంటే మూడు పద్ధతులు పాటించండి. పోగొట్టుకున్నది వస్తువు కాకుండా మనిషి అయి ఉండాలి: రాలేదని, పిలవలేదని, చెప్పలేదని. డబ్బు ఇవ్వలేదని నిష్టూరమాడితే అది నిష్టూరంగా నిలవదు. రెండోది, ఒక్కసారే అనాలి. రెండోసారి అంటే దెప్పడం, రోజూ అంటే సాధింపు. మూడోది, అన్న వెంటనే కాఫీ ఇవ్వాలి, అంటే మాట అక్కడితో వదిలేసి మామూలుగా ఉండాలి.

వినేవాళ్లు చేసే పెద్ద పొరపాటు సంజాయిషీ ఇవ్వడం. 'ఆఫీసులో సెలవు దొరకలేదు పిన్నీ, ట్రాఫిక్ పిన్నీ' అని కారణాలు చెప్పడం మొదలుపెడితే నిష్టూరం తీరదు. 'తప్పయిపోయింది పిన్నీ, వచ్చే ఆదివారం భోజనానికి వస్తున్నాం' అంటే తీరిపోతుంది. ఆ ఆదివారం వెళ్లాలి మరి.

దేవుడితో కూడా మనవాళ్లు ఇలాగే మాట్లాడారు. దానికి నిందాస్తుతి అని పేరే ఉంది. 17వ శతాబ్దంలో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డ కంచర్ల గోపన్న, మనం రామదాసు అని పిలుచుకునే ఆయన, తాను చేయించిన నగలు ఒక్కొక్కటే లెక్క చెప్పి రాముణ్ని నిలదీశాడు, వెంటనే ఆ మాటలకు క్షమించమని వేడుకున్నాడు. అంత గట్టిగా తిట్టడానికి కావాల్సిన దగ్గరితనం ఉంది కాబట్టే అది భక్తి అయింది.

నిష్టూరానికి చుట్టాల్లాంటి మాటలు కొన్ని ఉన్నాయి. వాటితో కలిపేయకండి. దెప్పిపొడుపులో పాత తప్పో, చేసిన సాయమో ఉంటుంది: 'ఆ రోజు ఫీజు కట్టింది నేనే కదా.' ఎత్తిపొడుపు పక్కదారిన వస్తుంది, ఒకరిని చూసి ఇంకొకరిని అంటారు. సణుగుడు పక్కవాళ్లకు వినిపించేలా ఉంటుంది, వినిపించాలనే ఉంటుంది. గొణుగుడు అర్థం కాదు. నసుగుడులో ధైర్యం చాలక మాట పూర్తి కాదు. పిల్లలు మారాం చేస్తారు, పేచీ పెడతారు. బండి, ఎద్దు, సర్వర్ మొరాయిస్తాయి.

వ్యాపారంలో, పని ఒప్పందాల్లో మాత్రం నిష్టూరం ముందే రావాలి. 'అంత్య నిష్టూరం కన్నా ఆది నిష్టూరం మేలు' అని సామెత. ఇల్లు కట్టే మేస్త్రీతో, క్యాటరింగ్ వాళ్లతో, అప్పు అడిగిన బావమరిదితో మొహమాటపడి ఊరుకుంటే చివర్లో చెడేది బంధమే. మొదటి రోజే 'సిమెంటు ఏ కంపెనీదో ముందే అనుకుందాం, తరవాత మాట రాకూడదు' అనేయండి. కాస్త కటువుగా వినిపించినా అప్పుడది చిన్న మాటే.

ఒక్క అక్షరం, ఒక్క ప్రత్యయం

మాట్లాడే తెలుగులో అసంతృప్తి చాలాసార్లు పదంలో ఉండదు, వాక్యం చివర్లో ఉంటుంది. 'వస్తానన్నారు కదా' అంటే గుర్తుచేయడం. 'వస్తానన్నారే!' అంటే నిరాశ. 'వస్తానన్నారుగా' అంటే నిలదీయడం. చాట్‌లో గొంతు వినిపించదు కాబట్టి ఈ చివరి అక్షరాన్ని చూసుకుని పంపండి.

మర్యాదగా చెప్పాలనుకుంటే జరగని పనిని 'ఉంటే' తో చెప్పడం మంచి దారి. 'ఒక్క మాట ముందు చెప్పి ఉంటే బాగుండేది.' ఇందులో తిట్టు లేదు, 'మీరు' అనే మాట కూడా లేదు. అయినా ఏం లోపించిందో తెలిసింది. దీనికి ఒక మెట్టు పైన 'చెప్పి ఉండాల్సింది'. ఇందులో బాధ్యత ఎదుటివాళ్ల మీదికి వెళ్లింది. ఇంకో మెట్టు పైన 'చెప్పాలని తెలియదా?' అక్కడి నుంచి గొడవే. పెద్దవాళ్లతో మొదటి మెట్టు దాటకండి.

భోజనం దగ్గర 'ఏమో' చాలా పని చేస్తుంది. 'ఉప్పు తగ్గింది' తీర్పు. 'ఉప్పు కాస్త తగ్గిందేమో' అంటే మీ నాలుక మీద కూడా కొంత అనుమానం పెట్టుకున్నట్టు. వండినవాళ్లు రుచి చూసి తామే అంటారు, తగ్గిందని.

'ఏమనుకోకపోతే ఒక మాట', 'తప్పుగా అనుకోకండి' లాంటివి మాట ముందు పెట్టడం మంచిదే. కానీ ఆ తరవాత వచ్చేది నిజంగా చిన్న మాట అయితేనే. వాటి వెనక పెద్ద ఆరోపణ పెడితే, వినేవాళ్లకు రెండూ గుచ్చుకుంటాయి.

ఇక 'మీ ఇష్టం', 'సర్లెండి', 'పోనీలెండి'. పైకి ఇవి ఒప్పుకోళ్లు. 'పోనీలెండి' లో క్షమ ఉంది, నిజంగానే వదిలేశారు. 'సర్లెండి' లో వదల్లేదు, వాదించే ఓపిక అయిపోయింది. 'మీ ఇష్టం' అన్నారంటే ఆ విషయం నుంచి తాను తప్పుకుంటున్నానని, రేపు ఏం జరిగినా మీదే పూచీ అని. ఇంట్లో ఎవరైనా 'మీ ఇష్టం' అంటే దాన్ని సమ్మతిగా తీసుకోకండి. 'నీకు ఎలా ఉంటే బాగుంటుందో చెప్పు' అని ఇంకోసారి అడగండి. మీరే అంటున్నట్టయితే, 'మీ ఇష్టం' అనే బదులు నచ్చని సంగతి ఒక వాక్యంలో చెప్పండి. ఎదుటివాళ్లకు ఊహించే శ్రమ తప్పుతుంది.

నలుగురిలో చెప్పాల్సి వస్తే

మీటింగులో, సంఘంలో, గ్రామసభలో వాడే మాటలకు చట్టం, అలవాటు కలిసి గట్టి అర్థాలు ఇచ్చాయి. ఇంకా జరగని పనిని ఆపాలంటే అభ్యంతరం. అందుకే ప్రభుత్వ ప్రకటనల్లో 'అభ్యంతరాలు ఉంటే ఫలానా తేదీలోగా తెలపాలి' అని ఉంటుంది. ఆ తేదీ దాటాక మీరు చెప్పేది అభ్యంతరంగా చెల్లడం కష్టం. జరిగిన పనిలో ఔచిత్యం లేదంటే ఆక్షేపణ. నిర్ణయంతో ఏకీభవించను, కానీ సభ్యుడిగానే ఉంటాను అంటే అసమ్మతి. మినిట్స్‌లో 'నా అసమ్మతిని నమోదు చేయండి' అని అడగొచ్చు. కోపంగా లేచి వెళ్లిపోవడం కంటే అది ఎక్కువకాలం నిలుస్తుంది.

ఖండన దగ్గర ఇబ్బంది ఉంది. 'దాడిని ఖండించారు' అంటే తప్పని అన్నారు. 'వార్తను ఖండించారు' అంటే నిజం కాదన్నారు. రెండోది చెప్పాలంటే 'నిజం కాదన్నారు' అనే రాయండి, గందరగోళం ఉండదు. ధిక్కారం కోర్టుకు సంబంధించినప్పుడు నేరం, దానికి 1971 నాటి చట్టం ఉంది. తీర్పు నచ్చలేదని చెప్పడానికి ఆ మాట జోలికి పోవద్దు.

నిరసన చూపించేది: నల్ల బ్యాడ్జీ, ధర్నా, బైఠాయింపు, వాకౌట్. సమ్మెలో పని ఆగుతుంది. 2011లో తెలంగాణలో జరిగిన సకల జనుల సమ్మెకు ఆ పేరు అందుకే అతికింది, బస్సు డ్రైవర్లు, టీచర్లు, సింగరేణి కార్మికులు అందరూ పని ఆపారు. నిరాకరణలో ఇవ్వాల్సింది ఇవ్వరు. 1921లో చీరాల, పేరాల జనం మునిసిపల్ పన్నుల భారం మోయం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లు వదిలి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. దాన్ని 'పన్నులపై అసంతృప్తి' అని రాస్తే వాళ్లు పడ్డ కష్టం కనిపించకుండా పోతుంది.

కాగితం మీద పెట్టేటప్పుడు

ఇక్కడ ఎంచుకోవాల్సింది వినతిపత్రమా, ఫిర్యాదా అని. మీ వీధికి రోడ్డు లేదు, వేయమంటున్నారు: వినతిపత్రం. రోడ్డు వేశారు, మూడు నెలల్లో లేచిపోయింది: ఫిర్యాదు. మొదటిదాంట్లో ఇచ్చేవాళ్లు ఉంటారు, రెండోదాంట్లో తప్పు చేసినవాళ్లు ఉంటారు. అర్జీ రెండింటికీ సరిపోతుంది. తెలంగాణలో సోమవారాలు కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణికైనా, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారాల ప్రజా సమస్యల పరిష్కార వేదికకైనా అర్జీ అని తీసుకెళ్తే చాలు. మొర నోటితో పెట్టుకునేది, కాగితం మీద శీర్షికగా పెట్టకండి.

రాసేటప్పుడు మనసు పదాలు తీసేయండి. తీవ్ర ఆవేదన, మనోవేదన, నరకయాతన ఉన్న చోట తేదీ, బిల్లు నంబరు, మొత్తం పెట్టండి. ఇలా:

'అయ్యా, మార్చి 4న మీ దుకాణంలో కొన్న ఫ్రిజ్ మార్చి 9 నుంచి చల్లబడటం లేదు. 11న ఫోన్ చేశాను. 14న మెకానిక్ వచ్చి గ్యాస్ నింపారు. 16న మళ్లీ ఆగిపోయింది. బిల్లు, సర్వీసు రసీదు నకళ్లు జత చేశాను. 30లోగా వేరే ఫ్రిజ్ ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.'

ఇందులో ఒక్క కోపం మాట లేదు, అయినా చదివినవాళ్లు కదలాల్సిందే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సమస్య తలెత్తిన రెండేళ్లలోగా కమిషన్‌కు వెళ్లాలి. అంతకుముందు సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ముందు అడిగేది మీరు కాగితంలో పెట్టిన ఆ తేదీలే.

ఇంకొకరి అసంతృప్తిని రాసేటప్పుడు క్రియను చూసుకోండి

విలేకరులకు, యూట్యూబ్‌లో శీర్షికలు పెట్టేవాళ్లకు ఇది ముఖ్యం. ఒకే మాటను మనం ఏ క్రియతో చెబితే ఆ పక్షం తీసుకున్నట్టే. గోడు వెళ్లబోసుకున్నారు అంటే మన సానుభూతి వాళ్ల వైపు. అక్కసు వెళ్లగక్కారు అంటే మనం వాళ్లను తప్పుపట్టాం. వాపోయారు అంటే నిస్సహాయులు. ఏకరువు పెట్టారు అంటే వరసగా అన్నీ చెప్పారు, వినేవాళ్లకు కాస్త విసుగొచ్చింది కూడా. పెదవి విరిచారు అంటే మాట పెద్దగా అనలేదు, నచ్చలేదని తెలిసింది.

మండిపడ్డారు, ధ్వజమెత్తారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు: ఇవి రోజూ వాడి వాడి అరిగిపోయాయి. ప్రెస్‌మీట్‌లో కూర్చుని 'ఇది సరికాదు' అని నెమ్మదిగా చెప్పిన మనిషి కూడా శీర్షికలో నిప్పులు చెరుగుతున్నాడు. అప్పుడు నిజంగా నిప్పులు చెరిగిన రోజున మన దగ్గర మాట మిగలదు. తప్పుపట్టారు, ప్రశ్నించారు, అభ్యంతరం చెప్పారు, నిలదీశారు: ఈ నాలుగింటితో చాలావరకు పని జరుగుతుంది. మనిషి ఏమన్నాడో, ఎలా అన్నాడో విని వాటిలోంచి ఒకటి తీసుకోండి.

జవాబు చెప్పే వంతు మీదైతే

దుకాణం నడుపుతున్నా, కంపెనీలో తెలుగు మెసేజ్‌లు రాస్తున్నా, 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అనే వాక్యాన్ని వదిలేయండి. రైల్వే స్టేషన్లలో ఆ మాట విని విని ఎవరికీ చెవికి ఎక్కడం లేదు. ఎవరి వల్ల అసౌకర్యం కలిగిందో కూడా అందులో లేదు. మనిషి వచ్చింది విసుగుతోనా, నొచ్చుకునా, ఫిర్యాదుతోనా చూడండి. విసిగిన మనిషికి ఇంకోసారి తిరగాల్సిన పని లేదని చెప్పాలి: 'మీరు మళ్లీ రానక్కర్లేదండీ, మా మనిషిని పంపిస్తాం.' నొచ్చుకున్న మనిషికి ముందు తప్పు ఒప్పుకోవాలి: 'మా వాడు అలా మాట్లాడకూడదండీ, క్షమించండి.' అక్కడ డిస్కౌంటు ఇస్తామంటే ఇంకా నొచ్చుకుంటారు. ఫిర్యాదుతో వచ్చిన మనిషికి క్షమాపణ ఒక్కటే చాలదు, తేదీ కావాలి: 'మీ ఫ్రిజ్ 28న మారుస్తాం, అప్పటికి జరగకపోతే ఈ నంబరుకు నాకే ఫోన్ చేయండి.'